రామాంజినమ్మ షెడ్డులోకి వచ్చిన మామిడి వాసన

రామాంజినమ్మ ముందు నిలబడి 'హా' అనకుండా ఆమె పట్టుపురుగుల షెడ్డులో అడుగుపెట్టిన మనిషి మా పెద్దపంజాణి చుట్టుపక్కల లేడు. నేనూ అన్నాను. తెల్లమీసాల రిటైర్డ్ బడి అయివారిని, ఎంతమంది పిల్లల్ని నోరు తెరవమని గదమాయించానో, నేనే నోరు తెరిచి బుద్ధిగా 'హా' అన్నాను. ఆమె ముక్కు నా నోటిదాకా వచ్చి, అక్కడ ఏమీ దొరక్క, మెల్లగా నుదుటి వైపు తిరిగింది.

"అయివారూ, తలనొప్పి మందు పూసుకోనుండారే! గడప ఇవతలే కూసోండి సామీ. మాటలకేమి, ఆడ నుంచి కూడా ఇనిపిస్తాయి."

అలా గడప ఇవతల కూర్చునే నేను పట్టుపురుగుల గురించి తెలుసుకున్నదంతా తెలుసుకున్నాను. పట్టుపురుగుకు ఘాటు వాసనలు పడవు. అగరొత్తులు, దోమల బత్తీలు, సెంట్లు ఏవీ పనికిరావు. అన్నిటికన్నా పొగాకు. బీడీ తాగిన చేత్తో మల్బరీ ఆకు వేస్తే చాలు, అది తిన్న పురుగు తల పైకెత్తి, అటూ ఇటూ ఊగి, కక్కుకుని పడిపోతుంది. అందుకే పురుగులు పెంచే ప్రతి షెడ్డు ముందూ బ్లీచింగ్ నీళ్ళు, సబ్బు ఉంటాయి. రామాంజినమ్మ షెడ్డు ముందు వీటికి తోడు ఒక ముక్కు ఉంటుంది.

ఆ ముక్కు పుట్టింది రామసముద్రం పక్కన ఒక చిన్న పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో. మందలో ఏ పిల్లకు జబ్బు చేయబోతోందో వాసన చూసి చెప్పేదట. నేను నమ్మను. ఆమె తమ్ముడు వెంకటేశులు మాత్రం ఒట్టు పెట్టి చెబుతాడు. పెళ్ళయి పెద్దపంజాణి పక్కకు వచ్చింది. మొగుడు నరసింహప్ప ఆవుల మనిషి. మన పుంగనూరు పొట్టి ఆవులంటే అతనికి ప్రాణం. పురుగులంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. బోరులో నీళ్ళు పడగానే అతను పశుగ్రాసం వేద్దామన్నాడు, ఆమె మల్బరీ అంది. మల్బరీయే వేశారు. ఎవరి మాట చెల్లే ఇల్లో ఇంక వేరే చెప్పనక్కరలేదు.

చదువు రాదు ఆమెకు. కానీ డబ్బాలు చదువుతుంది. పురుగుమందు డబ్బాల మీద ఒక నాలుగు మూలల గుర్తు ఉంటుంది చూడండి, సగం రంగుతో. ఎరుపుంటే అటకెక్కాలి, పిల్లల చేతికి అందకూడదు. పసుపుంటే చేతికి కవరు తొడగాలి. నీలం, ఆకుపచ్చ అయితే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. ఇదంతా ఆమెకు కంఠతా. బీడీ కట్ట మీద గొంతు పుండు బొమ్మ చూసి మొహం తిప్పుకుంటుంది. "బొమ్మ ఉంటే బయం ఉంటాది అయివారూ. అక్షరం రానోళ్ళకు కూడా బయం రావాల గదా" అంటుంది.

ముక్కు విషయంలో మాత్రం మొహమాటం లేదు. కూతురికి సంబంధం మాట్లాడటానికి వెంకటగిరికోట నుంచి వచ్చిన చిన్నస్వామి అనే పెద్దమనిషి షెడ్డు చూస్తానని ముచ్చటపడ్డాడు. ఆయన పంచె కొంగులో ముక్కుపొడి డబ్బీ ఉంది. గడప దగ్గరే ఆపేసింది. నరసింహప్పకు చెమటలు పట్టాయి.

"ఏమ్మే, సమ్మందం కావాల్నా, పురుగులు కావాల్నా?"

"పురుగులు ఈ వారంలో గూడు కట్టి పోతాయి. సమ్మందం యాడికి పోతాది?"

సంబంధం ఎక్కడికీ పోలేదు. చిన్నస్వామి ఇప్పుడు వియ్యంకుడు. వచ్చినప్పుడల్లా డబ్బీని బస్సు దిగిన చోట టీ కొట్లో దాచిపెట్టి మరీ వస్తాడు.

ఇక వెంకటేశులు. మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా బండి తోలతాడు. పుంగనూరు మీదుగా కుప్పం, అక్కడి నుంచి అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, ఎక్కడ ధర ఉంటే అక్కడికి. నా దగ్గర చదువుకున్నవాడే. చదువుకన్నా బడి గేటు ఎక్కడం బాగా వచ్చేది. పొడుగ్గా, నిచ్చెన అవసరం లేకుండా షెడ్డులో పురుగులుండే అరల్లో పై తట్టుకు చెయ్యి అందేంత ఎత్తు ఉంటాడు. రామాంజినమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ ఎత్తు ఆమెకు చాలా అవసరమైంది. కానీ అతని నోట్లో ఎప్పుడూ బీడీ. ఏళ్ళ తరబడి అక్క షెడ్డు గడప దాటలేదు.

పోయిన పంట ఎండలకు దెబ్బతింది. గూళ్ళు పల్చగా వచ్చాయి. నరసింహప్ప ఊరికే ఉంటాడా? ఆ షెడ్డు ఆవులకయితే గాలీ వెలుతురూ ఎంత బాగుంటుందో రోజూ అన్నం దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"సరే, ఈ పంట కూడా పోయిందంటే షెడ్డు నీదే. నీ ఆవుల్ని తెచ్చి కట్టేసుకో. నేను మళ్ళా పురుగు పేరెత్తను."

నరసింహప్ప మర్నాడే ఆవును కట్టేసే గూటం ఒకటి చెక్కించి షెడ్డు గోడకు ఆనించి పెట్టాడు. "ఊరికే, ఉంటాదిలే" అన్నాడు. ఆ గూటాన్ని చూసినప్పుడల్లా ఆమె ముక్కు ఎర్రబడేది.

అక్క మాట విన్నాక వెంకటేశులు బీడీ మానేశాడు. నిజంగానే మానేశాడు! కార్తీక మాసంలో ఒకనాడు వచ్చి గడప దగ్గర నిలబడి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, గట్టిగా 'హా' అన్నాడు.

ఆమె వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"రేయ్ ఎంగటేసా, ఈ కాలంలో మామిడిపండు యాడ దొరికె నీకు?"

"చాకలెట్టు మాదిరిదిలే అక్కా. బీడీ బదులు."

ఆ సంతోషం చూడాలి మీరు! తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. దారినపోయే నన్ను కేకేసి మరీ చెప్పింది. ఆ రోజు నుంచి అతను బండి దిగగానే షెడ్డుకు వచ్చేవాడు. పై తట్టుల్లో మల్బరీ కొమ్మలు పరిచేవాడు. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు ఆకు తినడం ఆపి, కదలకుండా ఉండి, పాత చర్మం విడవడాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది దాటిందంటే ఇక తిండే తిండి, ఆ తరవాత గూడే. ఆ దశలో షెడ్డు బయట నిలబడితే లోపల వాన పడుతున్నట్టు ఉంటుంది. అన్ని పురుగులూ ఒక్కసారిగా ఆకు నమిలే చప్పుడు అది. రామాంజినమ్మ ఆ చప్పుడు వింటూ గడప మీద కూర్చుని గూటం వైపు ఎగతాళిగా చూసేది.

ఒక పొద్దున వాన ఆగిపోయింది.

నేను పోయేసరికి ఆమె తట్టుల మధ్య నిలబడి ఉంది. నేను గడప బయట నుంచే చూశాను. పై తట్టుల్లో పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. కొన్ని ఆకుపచ్చగా కక్కుకుని ముడుచుకుపోయాయి. కింది తట్టుల్లో కొన్ని మెల్లగా కదులుతున్నాయి గానీ ఆకు ముట్టడం లేదు.

ఆమె కోపం నేరుగా పక్క చేను కృష్ణప్ప మీదికి పోయింది. అతను టమోటాకు మందు కొడతాడు, గాలికి మల్బరీ మీద పడి ఉంటుందని. గట్టు మీద నిలబడి కేకలు పెట్టింది.

"కిష్ణప్పా! నా పురుగుల్ని సంపినావు గదప్పా!"

కృష్ణప్ప భోజనం మధ్యలో లేచి చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చాడు. "నేను మందు కొట్టి ఎన్నాళ్ళాయె! టమోటాకు ధరే లేదు, దానికి మందొకటా? వచ్చి నా డబ్బా సూడు. పచ్చ గుర్తు. నువ్వే గదా నాకు రంగులు నేర్పిచ్చింది!"

ఆమె డబ్బా చూసింది. పచ్చే. డబ్బా తిరిగి అతని చేతిలో పెట్టింది.

మధ్యాహ్నానికి పట్టు శాఖ నుంచి శ్రీలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. ఆ అమ్మాయి మదనపల్లెలో చదువుకుంది, పురుగును అరచేతిలో పెట్టుకుని పలకరించినట్టు చూస్తుంది. చూసింది. పై తట్టు, కింది తట్టు మార్చి మార్చి చూసింది.

"రామాంజినమ్మా, ఇది పొగాకు విషం మాదిరి ఉండాది."

"పొగాకా? నా షెడ్లోనా?" రామాంజినమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మా వియ్యంకుడే గడప దాటలేదమ్మా, పొగాకెట్ల దాటుతాది? నా ముక్కు సచ్చిపోయిందనుకున్న్యావా?"

"బీడీనే కానక్కరలేదమ్మా. ముక్కుపొడి, గుట్కా... ఈ మధ్య పెన్ను మాదిరివి వస్తాండాయి, కరెంటుతో చార్జి పెట్టి పీలుస్తారు. పండ్ల వాసన వస్తాది వాటికి..."

గోడ పక్కన నిలబడ్డ వెంకటేశులు చెయ్యి జేబులోకి పోయింది. పాపం, దాచడానికి కాదు. తీసి చూపించడానికి.

"మేడమ్, ఇట్లాంటిదా?"

చిన్న పెట్టె. దాని మీద నిగనిగలాడే మామిడిపండు బొమ్మ, పక్కన మంచు ముక్కలు. తెలియని భాషలో అక్షరాలు. తెలిసిన గుర్తు ఒక్కటే, మూలన చిన్నగా '5%' అని. ఇంకేమీ లేదు. పుర్రె బొమ్మ లేదు, ఎర్ర గుర్తు లేదు, గొంతు పుండు బొమ్మ లేదు. లోపల వేలెడంత గొట్టం, దాని చివర జిగురుగా ఏదో కారి ఉంది.

"ఇది ఆవిరి మేడమ్. పొగ కాదు. మన చిత్తూరు మామిడి గుజ్జు దేశదేశాలకూ పోతాండాది గదా, ఆ దేశపోళ్ళు దాన్నే ఇట్ల ఆవిరి చేసి పంపిస్తాండారు అనుకున్న్యా. ఐదు శాతం అని రాసుండాది సూడండి. జ్యూసు బాటిలు మీద కూడా ఇట్లనే గదా ఉంటాది, మామిడి రసం ఇంత అని."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఎందుకంటే మామిడి తోటల మధ్య పుట్టిపెరిగినవాడు మామిడి బొమ్మను నమ్మకపోతే ఇంకేం నమ్ముతాడు? గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి లోడ్లు తోలినవాడు అతను!

"అది మామిడి రసం కాదన్నా" అంది శ్రీలక్ష్మి. "నికోటిన్. పొగాకులో ఉండే మందు అదే. వాసన మాత్రమే మామిడిది. దీన్ని మన దేశంలో అమ్మేదే నిషేధం."

వెంకటేశులు అక్క మొహం వైపు చూడలేకపోయాడు. పని మధ్యలో అలసట తీర్చుకోవడానికి పై తట్టుల దగ్గరే నిలబడి పీల్చేవాడట. "పురుగులకు కూడా మామిడి వాసన బాగుంటాదేమో అనుకొని, రెండు మూడు దినాలు వాటి మీదే ఊదినా అక్కా" అన్నాడు. కారిన జిగురు చేతికి అంటితే లుంగీకి తుడుచుకుని కొమ్మలు పరిచేవాడట.

రామాంజినమ్మ తిట్టలేదు. దానికే అందరికీ భయం వేసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనే వాసన సూసి లోపలికి పిలుస్తిని" అంది. అంతే.

శ్రీలక్ష్మి చేయాల్సింది చెప్పింది. చచ్చినవి, కక్కినవి తీసేయాలి. కిటికీలన్నీ తెరవాలి. పాత ఆకంతా తీసి దూరంగా పూడ్చి, శుభ్రమైన చేతులతో తాజా ఆకు వేయాలి. "కింది తట్టులవి కోలుకోవచ్చు. ఆకు ముట్టినాయంటే బతికినట్లే. ముట్టకపోతే ఇంక చేసేదేమీ లేదు. మీరు ఇప్పుడు లోపల తిరక్కుండా గాలి ఆడనీయండి."

అందరం కలిసి అన్నీ చేశాం. నేను కూడా తలనొప్పి మందు లేకుండా స్నానం చేసి వచ్చి, ఆకు మోశాను. పై తట్టులు ఖాళీ అయ్యాయి. నరసింహప్ప గూటం దగ్గరికి ఒకసారి పోయి, దాన్ని ఇటు నుంచి అటు తిప్పి పెట్టాడు. ఆమె చూసింది.

మర్నాడు తెల్లారేసరికి పురుగులు ఇంకా ఆకు ముట్టలేదు. చచ్చిపోనూ లేదు. కాచుకోవడం తప్ప పని లేదు. రామాంజినమ్మకు పని లేకుండా ఉండటం తెలియదు. వెంకటేశులు టమోటా లోడుతో కుప్పం పోతుంటే రోడ్డు మీద బండికి అడ్డం నిలబడింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

"ఆ మామిడి అమ్మినోన్ని నాకు సూపించు. అయివారూ, మీరూ రాండి. ఇంగిలీషులో ఏమన్నా వాగినాడంటే మీరు జవాబు చెప్పాల."

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ మాట చెప్పే లోపలే నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించింది. వెంకటగిరికోట దాటేదాకా ఆమె ఆ డబ్బాను ఒళ్ళోంచి దించలేదు. డబ్బాలో ఏముందని అడిగే ధైర్యం నాకు లేదు.

కుప్పంలో బస్టాండు దాటాక ఒక సందులో ఫోను కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే కొట్టు. కొట్టు పిల్లోడి పేరు మంజు. పిల్లోడంటే పిల్లోడు కాదు, గడ్డం ఉంది.

"ఏం కావాలమ్మా? టెంపర్ గ్లాసా?"

"మామిడి పెన్ను."

మంజు ఆమెను చూశాడు. నన్ను చూశాడు, నా మీసాలు చూశాడు. "అట్లాంటివి మా దగ్గర లేవమ్మా."

"ఎంగటేసా, లోపలికి రారా."

వెంకటేశులు కనబడగానే మంజు మొహం విచ్చుకుంది. "ఓ, అన్న మనుషులా! ముందే చెప్పొచ్చు గదమ్మా." బల్ల కింది నుంచి పెట్టెలు తీసి పరిచాడు. మామిడి, పుచ్చకాయ, ద్రాక్ష. "మీకయితే పుచ్చకాయ బాగుంటాది. గొంతుకు సల్లగా ఉంటాది."

రామాంజినమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి ఆ పెట్టెల పక్కన పెట్టింది. లోపల చచ్చిన పట్టుపురుగులు.

"అయ్యో, ఇవేమమ్మా?"

"నా బిడ్డలు. నీ మామిడి ఊపిరి తగిలి ఇట్లయినాయి. తాకి సూడు. సల్లగా ఉండాయి."

మంజు గోడకు అతుక్కుపోయాడు. "అమ్మా, కొంచెం మెల్లగా... ఇది బ్యాన్ సరుకు. అమ్మకూడదు."

"అమ్మకూడదా? మరి అమ్మితివే?"

"అంటే... అమ్మకూడదు గానీ..."

"అమ్మకూడదని నీకు తెలుసు. మా తమ్మునికి తెలీదు. పెట్టి మీద యాల రాయలేదు?"

"బ్యాన్ అయిన సరుకు మీద ఎవురు రాస్తారమ్మా, ఇది మంచిది కాదు అని? రాసేదానికి కంపినీ ఎవుడో కూడా తెలీదు."

చూడండి, ఈ మాట నన్ను పట్టుకుంది. చట్టం లెక్కలో ఆ పెట్టె లేనే లేదు. లేని పెట్టెకు హెచ్చరిక ఎవరు రాస్తారు? నిషేధం మంచిదే, కాదనను. కానీ లేదనుకున్న పెట్టె వెంకటేశులు జేబులో ఉంది. బీడీ కట్ట మీద భయపెట్టే బొమ్మ ఉండబట్టే కదా అతను దాన్ని వదిలి, మామిడిపండు ఉన్నదాన్ని పట్టుకున్నాడు.

రామాంజినమ్మకు ఈ చర్చ అక్కర్లేదు. "రాయి" అంది.

"ఏమి రాయాల?"

"పొగాకు మందు ఉండాదని రాయి. తెలుగులో రాయి. పక్కన పురుగు బొమ్మ ఎయ్యి. రాసేదాకా నేను ఈడనే కూసోనుంటా." స్టూలు లాక్కుని కూర్చుంది. డబ్బా మూత పెట్టలేదు.

మంజు ధరలు రాసే మార్కరు తీశాడు. మామిడి మీద రాశాడు. పురుగు బొమ్మ వేయబోతే అది బెండకాయలా వచ్చింది. "కాళ్ళు ఏవి?" అని ఆమె దిద్దించింది. పుచ్చకాయ మీద రాస్తుండగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన చనువుగా లోపలికి వచ్చాడు.

"మంజూ, నాది వచ్చిందా?" అంటూ మామిడి పెట్టె తీసుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. "ఏమప్పా ఇది? పొగాకు మానల్లనే గదా సిగరెట్టు ఇడిసిపెట్టి నేను దీన్ని పట్టుకునింది!"

జవాబు కోసం చూస్తే డబ్బా కనపడింది. పెట్టె బల్ల మీద పెట్టేసి, చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ పోయాడు.

"అమ్మా, నీకు దండం పెడతా. నా గిరాకీ పోగొడతాండావు."

"నేనేమన్న్యా? నోరే తెరవలేదే. నీ రాతే అనె."

ఇంక అమ్ముడుపోవని తెలిసి ఆ పెట్టెలన్నీ మంజు మా కళ్ళ ముందే చితక్కొట్టి మూట కట్టాడు. మళ్ళీ తెప్పించడా అంటే, బల్ల కింద ఏముంటుందో నాకేం తెలుసు? ఫిర్యాదు చేద్దామన్నాను. "చెయ్యండి అయివారూ, అది మీ పని. నాకు పురుగులుండాయి" అంది. చేశాను. ఒక మామిడి పెట్టె మాత్రం, రాత ఉన్నది, ఆమె టిఫిన్ డబ్బాతోపాటు చంకన పెట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బండి దిగగానే ఆమె షెడ్డు వైపు పోలేదు. కృష్ణప్ప గట్టు దగ్గరికి పోయింది.

"కిష్ణప్పా, నిన్న అట్ల అరిస్తి. మనసులో పెట్టుకోవద్దు. పాత డబ్బా ఏదన్నా ఉండాదా, ఎర్ర గుర్తుది?"

"ఎర్రది ఇప్పుడు యాడ వాడతాండామమ్మా... ఉండు, మా నాయన కాలందొకటి అటక మీద ఉండాల." తెచ్చాడు. ఆమె జాగ్రత్తగా ఆ ఎర్ర గుర్తు కాగితాన్ని ఊడదీసింది.

అప్పుడు షెడ్డు దగ్గరికి వచ్చింది. నరసింహప్ప గడప పక్కన కూర్చుని ఉన్నాడు. గూటం అతని ఒళ్ళో ఉంది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు. ఆమె కూడా అడగలేదు. కాళ్ళూ చేతులూ కడుక్కుంది. తలుపుకు చెవి ఆనించింది. వెంకటేశులు రోడ్డు మీదే, బండి పక్కన ఆగిపోయాడు. నేను ఊపిరి బిగబట్టాను, నా వయసుకు అది మంచిది కాదు.

మొదట ఏమీ లేదు. తరవాత ఎక్కడో రెండు చినుకులు పడినట్టు. ఆ తరవాత ఇంకొన్ని. పూర్తి వాన కాదు, పై తట్టులు ఖాళీ కదా. కానీ తుంపర. ఆగకుండా తుంపర.

ఆమె చెవి తలుపు నుంచి తీయలేదు. కళ్ళు మాత్రం మొగుడి వైపు తిరిగాయి.

"ఎప్పటి నించి తింటాండాయి?"

"మద్యాన్నం నించి" అన్నాడు నరసింహప్ప. "నేనే కొమ్మలు ఏసినా. కాళ్ళు కడుక్కొనే పోయినాలే. చెయ్యి మీద పాకితే కొంచెం గిలిగింతగా ఉంటాయి గానీ, పరవాలేదు."

పురుగంటే జలదరించే మనిషి! ఆమె అతని ఒళ్ళోంచి గూటం తీసుకుంది, పక్కనే పడున్న రాయి తీసుకుంది, షెడ్డు తలుపు పక్క గోడ సందులోకి ఆ గూటాన్ని దిగ్గొట్టింది. దానికి మామిడి పెట్టెను వేలాడదీసింది. మామిడిపండు బొమ్మ మీద ఎర్ర గుర్తు అంటించింది. ఇప్పుడక్కడికి ఎవరు వచ్చినా, చదువు వచ్చినా రాకున్నా, ముందు ఆ పెట్టెను చూసి ఇదేమని అడుగుతారు. ఆమె చెబుతుంది. పని ఉంటే నన్ను చెప్పమంటుంది.

వెంకటేశులు మెల్లగా గడప దగ్గరికి వచ్చి, తల వంచుకుని, అడక్కుండానే 'హా' అన్నాడు.

ఆమె చాలాసేపు వాసన చూసింది.

"ఇంగా మామిడే" అంది. "బయట కూసోని కొమ్మలు నరుకు. వాసనే లేకుండా వచ్చిన దినం లోపలికి పిలుస్తా."

అతను కొడవలి తీసుకుని మల్బరీ తోట వైపు పోయాడు. లోపల తుంపర పడుతూనే ఉంది.